నలభై రోజుల నడక

ఒకటో రోజు

ఆస్పత్రి ఫిజియోగా ఈ రిజిస్టర్లో నేను రాయాల్సింది మూడే ముక్కలు: పేషెంటు పేరు, ఎంత నడిచాడు, నాడి ఎంత. మిగతాదంతా గోడ మీది పెట్టె తనే రాసుకుంటుంది. అయినా నాకు నోరూ చెయ్యీ రెండూ ఊరుకోవు కాబట్టి ఎప్పటిలాగే ఎక్కువ రాస్తాను. ఎలాగూ చదివేవాళ్ళు లేరు.

పొద్దున పది గంటలకు పెట్టె మోగింది. పేరు ఓదెలు, వయసు యాభై మూడు, పంపు ఖలాసీ. మేం భూమి కింద కాపురముండే ఈ పాత గని బాయి అడుగున ఊరే నీళ్ళను తోడిపోసే పంపుల దగ్గర ఇరవై ఆరేళ్ళుగా పని చేస్తున్నాడు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, ఎడమ చెయ్యి గుంజడం, ఒళ్ళంతా చల్లటి చెమట. ఆయన నోరు తెరిచి పక్కవాడికి చెప్పేలోపే గుండె చప్పుడూ అడుగులూ లెక్కపెట్టే ఛాతీ మీది బిళ్ళ పెట్టెకు చెప్పేసింది. మా ఆస్పత్రివాళ్ళు పోయి ఆస్పిరిన్ నమిలించి ట్రాలీ మీద తెచ్చారు. డాక్టర్ నస్రీన్ మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్న గొట్టం పంపి, మూసుకుపోయిన దారి తెరిచి స్టెంటు పెట్టింది. నొప్పి మొదలైన యాభై నిమిషాలకు రక్తం మళ్ళీ పారింది.

పన్నెండు వేల మంది ఉన్న ఊరు మాది. అందరి గుండెలూ ఆ ఒక్క పెట్టే వింటుంది. బిళ్ళలు వచ్చాక గుండెపోటుతో మనిషి పోవడం దాదాపు మర్చిపోయాం. ఎక్కడ నొప్పి అని మనిషిని అడగడం కూడా మర్చిపోయాం.

రెండో రోజు

ఓదెలన్నను మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టాను. పాదాలు పైకీ కిందికీ ఇరవైసార్లు, నిదానంగా ఊపిరి పదిసార్లు. ఇంతేనా అన్నట్టు చూశాడు. మొదటి రోజు అందరూ అలాగే చూస్తారు, మూడో రోజు తలుపు దాకా నడిపిస్తే నన్ను తిట్టుకుంటారు.

"పైపు పూడిందా మేడం?" అన్నాడు.

"పూడుడు కాదన్నా. గోడకు లోపల కొవ్వు పట్టి ఉంటది. దాని మీది పొర చిట్లింది. చిట్లిన కాడ నెత్తురు గడ్డకట్టి దారి మూసింది. అవతల ఉన్న కండకు నెత్తురు అందలే."

"సగమే మూస్తే?"

"అప్పుడు గూడ నొప్పే. ఒక్కోసారి కండకు ఏం గాదు, ఒక్కోసారి కొంచెం చస్తది. మొత్తం మూస్తే నిమిషం నిమిషానికి చస్తది. రోగం ఒకటే, ఎంత మూసిందన్నదే తేడా."

"చచ్చిన కండ మళ్ళ మొలుస్తదా?"

"మొలవదు. మచ్చ పడుతది. మిగిలిన కండకు మెల్లమెల్లగ పని నేర్పాలె. నా ఉద్యోగం అదే."

"ఆగిన పంపును గూడ ఒక్కసారే ఫుల్లు తిప్పం మేడం. వాల్వు కొంచెం కొంచెం తెరుస్తం."

ఇరవై ఏళ్ళుగా పేషెంట్లకు చెప్తున్న పాఠం ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. నేను నాడి రాసుకున్నాను. యాభై ఎనిమిది. గుండె వేగాన్ని పట్టి ఉంచే మాత్ర పని చేస్తోంది.

నాలుగో రోజు

వరండాలో అటూ ఇటూ అరవై మీటర్లు. నడుస్తూ మాట్లాడగలగాలి, ఆయాసంతో మాట తెగితే ఆగాలి. ఇదే మా కొలబద్ద. ఓదెలన్నకు మాటలు తక్కువ కాబట్టి ఆయన తరఫున ఆయన భార్య మాట్లాడుతోంది. ఆమె పేరు లసుమక్క, యాభై ఏళ్ళు, కందికట్టెలా సన్నగా ఉంటుంది, మూడో లెవెల్ వంటశాలలో వడ్డిస్తుంది. పక్కనే నీళ్ళ సీసా పట్టుకుని నడుస్తూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తోంది.

"మళ్ళ ఎప్పుడు పనికి పోతడు బిడ్డా?"

"ఆరు వారాలు, వదినె. మంచిగ నడిస్తే ఆరు, లేకుంటే ఎనిమిది."

ఆమె మొహం చిన్నబోయింది. ఎందుకో నాకు తెలుసు. మస్టర్లో, అంటే హాజరు పుస్తకంలో, నలభై రోజులు పేరు పడకపోతే కింది లెవెల్ క్వార్టర్ ఖాళీ చేసి నేలకు దగ్గరున్న పై గ్యాలరీకి పోవాలి. కింది చల్లదనం పంపు, గాలి పనులు చేసేవాళ్ళకని మొదట్లో పెట్టుకున్న రూలు, వంటశాల పని అందులో లెక్కకు రాదు. పైన భూమ్మీద ఎండ యాభై ఆరు దాకా పోతోంది, పై గ్యాలరీలో పంకా కింద కూడా నలభై తగ్గదు. లసుమక్క పుట్టి పెరిగింది అక్కడే. వాళ్ళమ్మ వడదెబ్బకు పోయింది అక్కడే.

"నలభై రెండు దినాలంటవు," అంది. "రెండు దినాలకేనా."

నాకూ బాధనిపించింది. కానీ రూలు రూలే కదా అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఎనిమిదో రోజు

ఇంటికి పంపించాం. ఇవాళ స్నానాల రోజు కూడా. వారానికొకసారి బిళ్ళలు ఊడదీసి, ఒళ్ళు కడుక్కుని, కొత్త జిగురుతో మళ్ళీ అతికించుకుంటాం. పెళ్ళయినవాళ్ళు ఎవరి బిళ్ళ వాళ్ళు పెట్టుకోరు. మొగుడి బిళ్ళ పెళ్ళాం, పెళ్ళాం బిళ్ళ మొగుడు అతికిస్తారు. పెళ్ళిలో మొదలైన ఈ ముచ్చట చచ్చేదాకా నడుస్తుంది. వెనక ఎంత కొట్లాడుకున్నా ఆ రోజు ఎదురెదురుగా కూర్చోవాల్సిందే. నాకు పెళ్ళి కాలేదు, నా బిళ్ళ నేనే అతికించుకుంటాను, అది ఎప్పుడూ కొంచెం వంకరగానే ఉంటుంది.

పన్నెండో రోజు

ఓదెలన్న నన్ను ఆశ్చర్యపరుస్తున్నాడు. పెట్టె చూపిస్తున్న లెక్కల ప్రకారం నిన్న మూడు వేల అడుగులు నడిచాడు, మెట్లు తొంభై ఎక్కాడు. నేను చెప్పినదానికి ఇది రెండింతలు. పిలిచి తిట్టాను. తల వంచుకుని విన్నాడు. పక్కన లసుమక్క, "నేనే నడిపిస్తున్న బిడ్డా, ఆయన్నేం అనకు," అంది.

మామూలుగా పోటు వచ్చినవాళ్ళ గ్రాఫులో చిన్న చిన్న తేడాలుంటాయి. వాటికి పెట్టె ప్రతిసారీ మోగితే ఎవరూ నాలుగడుగులు కూడా వెయ్యలేరు. అందుకని నడక మొదలుపెట్టిన ప్రతి పేషెంటుకూ పెట్టె మోగే హద్దు కాస్త సడలిస్తాను. అది ఫిజియో పని. ఓదెలన్న పేరు మీద ఇవాళ సడలించాను.

పంతొమ్మిదో రోజు

ఆరు నిమిషాల నడక పరీక్ష. వరండాలో రెండు గీతల మధ్య ఆరు నిమిషాల్లో ఎంత నడవగలడో చూస్తాం, మీటర్లు బిళ్ళే లెక్కపెడుతుంది. ఓదెలన్న నడిచాడు, ఎప్పటిలాగే పక్కన లసుమక్క, ఆయన్ను దాటిపోతూ మళ్ళీ వెనక్కి వస్తూ. నాలుగు వందల పది మీటర్లు. గుండెపోటు వచ్చి మూడు వారాలు కూడా కాని మనిషికి ఇది చాలా మంచి లెక్క. నా రిజిస్టర్లో ఇంత బాగా కోలుకున్నవాడు ఇంకొకడు లేడు. నాకు గర్వంగా ఉంది, దాచుకోవడం దేనికి.

నడక అయ్యాక ఓదెలన్న మామూలుగా ఉన్నాడు. లసుమక్కకే చెమట పట్టింది, గోడకానుకుని దవడ రుద్దుకుంటోంది.

"పేషెంటు నువ్వా, అన్ననా వదినె?" అన్నాను.

నవ్వింది. "పన్ను గుంజుతున్నది బిడ్డా."

అలవాటు కొద్దీ ఓదెలన్న మణికట్టు పట్టుకున్నాను. నా వేళ్ళకు డెబ్భై రెండు. పెట్టె లెక్కలు చూపించే నా నడుము తెర మీద నూట పద్దెనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. డెబ్భై రెండే. బిళ్ళ జిగురు వదులైందేమో అనుకుని అలాగే రాశాను. నాడి: నూట పద్దెనిమిది. పెట్టె చెప్పిందే రాయాలి, వేళ్ళు చెప్పింది రాయడానికి ఈ రిజిస్టర్లో గడి లేదు.

ఇరవై ఆరో రోజు

ఫిట్. ఏడు రోజులపాటు రోజుకు నాలుగు వేల అడుగులు, నూట ఎనభై మెట్లు. ఒక్కసారి కూడా పెట్టె మోగలేదు. నస్రీన్ గ్రాఫు చూసి, మెట్లెక్కినప్పుడల్లా గీత కొంచెం కిందికి జారుతోంది స్వరూపా, అంది. స్టెంటు పెట్టిన గుండె కదా, హద్దులోనే ఉందిలే అన్నాను. ఆరు వారాలన్న నేనే ఈ లెక్కలు చూసి మాట మార్చుకున్నాను, ఇద్దరం సంతకాలు పెట్టాం. రేపటి నుంచి ఓదెలన్న పేరు మస్టర్లో పడుతుంది, క్వార్టర్ నిలబడుతుంది. లసుమక్క నాకు నువ్వుల లడ్డూలు తెచ్చిచ్చింది. మూడు తిన్నాను.

ముప్పై ఒకటో రోజు

ఇది ఇవాళే రాయాలి.

పొద్దున ఎనిమిదీ పదికి పెట్టె మోగింది. ఓదెలు, పెద్ద పోటు. మస్టర్ ప్రకారం మనిషి పంపు హౌసులో ఉన్నాడు, అంటే బాయి అట్టడుగున. నా పేషెంటు కాబట్టి ట్రాలీతో పాటు నేనూ పోయాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. దారంతా మనసులో ఒకటే లెక్క, నిమిషం నిమిషానికి కండ చస్తోందని.

ఓదెలన్న వాల్వు దగ్గర నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. మేం పరిగెత్తుకొస్తుంటే ఎవరి కోసమా అని వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు. అప్పుడు ఆయన మొహంలో రక్తం లేకుండా పోయింది. చొక్కా గుండీలు తెంపుకున్నాడు.

"నాకేం గాలే మేడం," అన్నాడు. "ఇది ఆమె బిళ్ళ. నాది ఆమెకున్నది."

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. ఆయన అప్పటికే పరిగెత్తుతున్నాడు. ముప్పై రోజుల కింద స్టెంటు పెట్టించుకున్న మనిషి ఎదురెక్కే దారిలో పరిగెత్తుతుంటే ఆపమని కూడా అనలేదు నేను.

క్వార్టర్లో లసుమక్క పొయ్యి పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. ఒళ్ళు తడిసిపోయింది, పెదాలు నల్లబడ్డాయి. నొప్పి ఛాతీలో కాదట, రెండు రెక్కల మధ్య వీపులో, దవడలో. పొద్దున ఆరింటి నుంచీ. గ్యాసనుకుని వాము నమిలిందట. ఓదెలన్న మాత్రల డబ్బా ఆమె తలకు జానెడు దూరంలో గూట్లో ఉంది, అందులో ఆస్పిరిన్ ఉంది. నమిలించి ట్రాలీ ఎక్కించాం.

నస్రీన్ దారి తెరిచేసరికి పది కావస్తోంది. నొప్పి మొదలై నాలుగు గంటలు. గుండె ముందు గోడ చాలామటుకు పోయింది.

ముప్పై రెండో రోజు

ఆరింటికి నొప్పి వస్తే పెట్టె ఎనిమిదీ పదికి ఎందుకు మోగిందని నస్రీన్ అడిగింది. నాకు తెలుసు. ఓదెలు పేరు మీద హద్దు సడలించి ఉంది కాబట్టి. లసుమక్క పేరు మీదే ఆ గుండె ఉండి ఉంటే ఆరింటికే మోగేది. అంతకుముందే, మెట్లెక్కి గీత జారిన మొదటి రోజే మోగేది. రెండు వారాలు ఆమె గుండె మొత్తుకుంటుంటే, అది పోటు వచ్చినవాడి గుండె కదా, అలాగే ఉంటుందని నేనే దాని నోరు నొక్కాను. ఆడవాళ్ళకు చాలాసార్లు నొప్పి ఛాతీలో కాక దవడలోనో వీపులోనో వస్తుందని మొదటి ఏడాది పుస్తకంలోనే చదువుకున్నాను. ఆమె నా ముందే దవడ రుద్దుకుంది. నేను హాస్యమాడాను.

జరిగింది ఓదెలన్న చెప్పాడు. ఎనిమిదో రోజు స్నానాలప్పుడు ఎదురెదురుగా కూర్చున్నారట. ఆమె తన బిళ్ళ ఆయనకు పెట్టి, ఆయన బిళ్ళ తనకు పెట్టించుకుంది. "నాది గట్టి గుండె, నీకు పాసు చేపిస్త," అందట. ఆయన వద్దన్నాడు. పై గ్యాలరీలో నిన్ను బతకనిస్తదా ఆ ఉడుకు, అందట. అప్పటి నుంచి ఆయన నా లెక్క ప్రకారం మెల్లగానే నడిచాడు, మాత్రలు గుండెను పట్టి ఉంచాయి, ఆమె పేరు మీద పెట్టె మోగలేదు. ఆయన పేరు మీద నాలుగు వేల అడుగులు, నూట ఎనభై మెట్లు ఆమె నడిచింది. వంటశాలలో ఎనిమిది గంటలు నిలబడి, వచ్చి, ఆయన నడక నడిచింది.

నేను మెచ్చుకున్న నాలుగు వందల పది మీటర్లు కూడా ఆమెవే.

ముప్పై నాలుగో రోజు

లసుమక్కకు పడుకుంటే ఊపిరాడటం లేదు. మంచం తలవైపు ఎత్తి, వీపు వెనక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. పాదాలు పైకీ కిందికీ ఐదుసార్లు. ఐదోసారికి కళ్ళు మూసుకుంది.

"ఆయనకు ఇరవై చెప్పినవు," అంది.

"నువ్వు మెల్లగ, వదినె."

"నేను ఆయన కంటే గట్టిదాన్ని బిడ్డా."

చేతివేళ్ళు ముడిచి తెరిపించాను. నాడి వేళ్ళతోనే చూశాను. నూట ఇరవై నాలుగు, సన్నగా, మధ్య మధ్య తప్పుతోంది.

ముప్పై ఆరో రోజు

రెండు నిమిషాలు కుర్చీలో కూర్చుంది. ఓదెలన్న ఎదురుగా కూర్చున్నాడు. ఆయన్ను అన్‌ఫిట్ చేసి పడిన హాజరు కొట్టేశారు, నలభై రోజులు నిండగానే క్వార్టర్ ఖాళీ చెయ్యమని కాగితం కూడా వచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పొద్దని ఆయన నాకు సైగ చేశాడు.

"డ్యూటీకి పోలేదా?" అంది.

"సెలవు పెట్టిన."

"ఎక్కువ పెట్టకు. మస్టర్ పోతది."

"సరే."

ఆమె నన్ను చూసి, "మంచిగ నడిచిన గదా బిడ్డా?" అంది. ఎవరైనా మెచ్చుకోవాలని ఆమె అడగడం నేను వినడం అదే మొదటిసారి. నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత బాగా నడిచినవాళ్ళు లేరు వదినె, అన్నాను. అది నిజం. చెప్పి, నీళ్ళ సీసా కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

ముప్పై ఎనిమిదో రోజు

మధ్యాహ్నం మూడింటికి లసుమక్క పోయింది. నస్రీన్ చెయ్యగలిగిందంతా చేసింది. ఓదెలన్న పాదాల దగ్గర కూర్చుని, నేను చెప్పిన వ్యాయామం ఆమె చేత చేయిస్తున్నట్టుగా మడమలు పట్టుకుని ఉన్నాడు. ఆపమని ఎవరూ అనలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే వచ్చింది, చాలాసేపు ఆగలేదు.

నలభై ఒకటో రోజు

జరిగిందంతా నా చేత్తో రాసి ఊరిని నడిపే కమిటీకి ఇచ్చాను. పంతొమ్మిదో రోజు నా వేళ్ళకు డెబ్భై రెండు తగిలితే నూట పద్దెనిమిది అని రాశానని, ఎందుకంటే నాకు అంత మంచి పేషెంటు కావాలనిపించిందని కూడా రాశాను. నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. తీసేస్తే కొంచెం నిద్ర పట్టేదేమో. కమిటీవాళ్ళు చదివి, బిళ్ళలు మార్చుకోవడం వాళ్ళ తప్పు, మీరు రూలు ప్రకారమే చేశారు మేడం, అన్నారు. ఒకాయన నాకు టీ తెప్పించాడు. తాగకుండా లేచి వచ్చాను.

నలభై నాలుగో రోజు

ఇవాళ మళ్ళీ కమిటీ దగ్గరికి పోయాను. ఈసారి ఒకటే కాగితం పట్టుకుపోయాను. గుండెపోటు వచ్చినవాళ్ళకు ఆ నలభై రోజుల రూలు తియ్యాలని, తొంభై రోజులు చెయ్యాలని. పోట్లాటకు సిద్ధపడి, రాత్రంతా రాసుకున్న పది కారణాలు బట్టీపట్టి పోయాను. మూడో కారణం చెప్తుండగా ఛైర్మన్ చెయ్యెత్తాడు.

"ఏడాదికి ఇట్లాంటోళ్ళు ఎంతమంది?"

"ఆరుగురు, ఏడుగురు."

"క్వార్టర్లు ఖాళీగనే ఉన్నయి గదా," అన్నాడు పక్కాయనతో. పక్కాయన లెడ్జరు తిప్పి, పద్నాలుగు ఉన్నయన్నాడు. చేతులెత్తారు. ఆరుకు ఆరు. అయిపోయింది. మొత్తం పావుగంట పట్టలేదు. ఆ రూలు ఎవరు పెట్టారో, ఎందుకు నలభై అన్నారో వాళ్ళలో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళలో మార్చమని ఒక్కరు కూడా అడగలేదట. నేను ఇరవై ఏళ్ళుగా ఆ రూలును పేషెంట్లకు చదివి వినిపిస్తున్నాను. నేనూ అడగలేదు.

ఓదెలన్న అప్పటికే సామాను కట్టుకున్నాడు. రెండు మూటలు, ఒక గిన్నెల బుట్ట. గుమ్మంలో కూర్చుని పైకి పోయే ట్రాలీ కోసం ఎదురుచూస్తున్నాడు. పోనక్కర్లేదన్నా, రూలు మారింది, ఇల్లు నీదే, అని చెప్పాను. అర్థం కానట్టు చూశాడు. కమిటీలో జరిగింది మొత్తం, ఖాళీ క్వార్టర్ల సంగతితో సహా చెప్పాను. దాచడానికి నాకు నోరు రాలేదు.

మూటల వైపు చూశాడు. నేను పక్కన కూర్చుని ఆయన మణికట్టు పట్టుకున్నాను. అరవై.

"పోయి అడిగితే ఇచ్చిన్రా మేడం?"

"ఇచ్చిన్రన్నా."

"ఇంత అల్కగనా?"

అవును, అంత తేలిగ్గానే అని చెప్పాను.